ఒకే కుప్ప కంకర, ఆరు సాంద్రతలు: తొమ్మిదో తరగతి ల్యాబ్ నుంచి ఒక కేస్ స్టడీ

కరీంనగర్ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను భౌతికశాస్త్రం చెబుతాను. ల్యాబ్ అంటే ఒక గది, రెండు బీరువాలు, నాలుగు పొడవాటి బల్లలు. తొమ్మిదో తరగతిలో 38 మంది. సాంద్రత పాఠం వచ్చిందంటే ప్రతి ఏడాదీ ఒకటే వరస: రాయిని తూచడం, కొలజాడీలో వేయడం, భాగించడం, రికార్డులో రాయడం. ఒక పీరియడ్‌లో అయిపోతుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే కానిచ్చాను. ఒక ఏడాది మాత్రం అది ఆరు పీరియడ్లు పట్టింది. ఆ ఆరు పీరియడ్ల కథే ఇది.

మొదటి రోజు ఎనిమిది గ్రూపులకూ ఒకే కుప్పలోంచి కంకర రాళ్లు ఇచ్చాను. బడి వెనక ప్రహరీ పని కోసం తెచ్చిపోసిన కుప్ప అది. మా వైపు కంకర అంటే గ్రానైటే, చుట్టుపక్కల గుట్టల్లోంచి కొట్టినదే. దాని సాంద్రత మి.లీ.కు 2.6 నుంచి 2.7 గ్రాముల మధ్య ఉండాలి. పిల్లలు రాసి తెచ్చిన విలువలు ఇవి: 2.68, 3.02, 2.36, 3.2, 2.03. మిగతా మూడు గ్రూపులూ 2.7 అని రాశాయి.

నాకు అనుమానం వచ్చింది తప్పు విలువల మీద కాదు, ఆ మూడు 2.7ల మీద. రఫ్ కాగితాలు అడిగాను. ఒక గ్రూపు కాగితంలో రాయి 12.9 గ్రాములు, నీరు పెరిగింది 4 మి.లీ. భాగిస్తే 3.2 వస్తుంది. ఇంకో గ్రూపుది 10.4 గ్రాములు, 5 మి.లీ. అంటే 2.08. మూడో గ్రూపు కాగితమే లేదు, "పోయింది మేడం" అన్నారు. 2.7 ఎక్కడిదని గట్టిగా అడిగితే, పోయినేడు పదో తరగతికి వెళ్లిన అక్క రికార్డులో ఉందట.

నేను కోప్పడలేదు. ఎందుకంటే 2.03 రాసిన గ్రూపుకు నేను మొన్నటిదాకా తక్కువ మార్కులు వేసేదాన్ని, 2.7 రాసినవాళ్లకు టిక్కు పెట్టేదాన్ని. వాళ్లు నేర్చుకున్నది నా దగ్గరే.

ఐదు రాళ్ల పంచనామా

మర్నాడు ఐదు గ్రూపుల రీడింగులనూ బోర్డు మీద రాసి, ఎవరేం చేశారో మళ్లీ చేసి చూపించమన్నాను. మాటల్లో చెప్పించుకుంటే లాభం లేదు. అందరూ "నీళ్లు పోసినం, రాయి వేసినం" అనే అంటారు.

ముందు 2.03 గ్రూపు. 14.2 గ్రాముల రాయికి వాళ్లకు 7 మి.లీ. పెరిగింది. చేసి చూపిస్తుంటే విషయం ఇట్టే బయటపడింది. మొదటి రీడింగు చదివిన అమ్మాయి వంగి, గీతకు సమానంగా కన్ను పెట్టి చదివింది. రాయి వేశాక చదివినవాడు నిలబడి, పైనుంచి చూసి చదివాడు. పైనుంచి చూస్తే మన చూపు జాడీ ముందు గోడను నీటి మట్టం కంటే పైన దాటుతుంది. కాబట్టి రీడింగు ఎక్కువగా కనిపిస్తుంది. ఇద్దరూ నిలబడే చదివి ఉంటే రెండు తప్పులూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసేవి. ఒకరు సరిగ్గా, ఒకరు తప్పుగా చదవడం వల్లే పాడైంది. "అంటే ఇద్దరం తప్పు చేస్తే కరెక్టా మేడం?" అని వెనక బెంచీలోంచి ఒకడు. ఆ ప్రశ్న వాడు వెటకారానికే అడిగాడు గానీ, జవాబు దాదాపు అవుననే చెప్పాలి.

3.2 గ్రూపువాళ్లు రాయిని పైనుంచి జారవిడిచారు. నీటి చుక్కలు ఎగిరి గోడకు అంటుకున్నాయి, కొన్ని బయట పడ్డాయి. పెరగాల్సినంత మట్టం పెరగలేదు. పైగా 3.5 దగ్గర ఆగిన మట్టాన్ని "మూడే అనుకుందాం" అనుకున్నారట.

2.36 గ్రూపు తప్పు నాకు మొదట దొరకలేదు. రాయిని చూస్తే ఒక పక్కన చిన్న గుంటలు, గరుకు. నీటిలో వేసి జాడీని కొంచెం వంచి చూస్తే, ఆ గుంటల్లో మిణుగురుల్లా గాలి బుడగలు. గాలి కూడా నీటిని తోసేస్తుంది. ఆ ఘనపరిమాణమంతా రాయి లెక్కలో పడుతుంది. జాడీని వేలితో రెండుసార్లు తడితే బుడగలు పైకి వచ్చాయి, మట్టం కాస్త దిగింది.

3.02 గ్రూపువాళ్లు ఏ తప్పూ చేయలేదు. అదే అసలు సంగతి. వాళ్ల రాయి 15.1 గ్రాములు. దాని నిజమైన ఘనపరిమాణం 5.6 మి.లీ. చుట్టూ ఉండాలి. మా కొలజాడీ 100 మి.లీ.ది, ఒక్కో గీత ఒక్కో మి.లీ. నీరు రెండు గీతల మధ్య ఆగితే పిల్లలు దగ్గరి గీతనో, కింది గీతనో రాస్తారు. 5 రాస్తే 3.02, 6 రాస్తే 2.5. ఎంత జాగ్రత్తగా చేసినా ఈ రెండింట్లో ఏదో ఒకటే వస్తుంది.

ఇక 2.68 తెచ్చిన గ్రూపు. 13.4 గ్రాములు, 5 మి.లీ. సరిగ్గా వచ్చింది గానీ అది వాళ్ల రాయి అదృష్టం. దాని ఘనపరిమాణం గీత మీదికే వచ్చింది. అదే రాయికి ఒక గీత అటైతే 3.35, ఇటైతే 2.23. ఈ రెండు అంకెలను బోర్డు మీద పక్కపక్కన రాశాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. త్రాసు 13.4ను 13.5గా చూపించినా సాంద్రత 2.68 నుంచి 2.7కు మారుతుంది, అంతే. అంటే ఇన్నాళ్లూ మేము పాత ఫిజికల్ బ్యాలెన్స్ ముల్లు నిలవలేదని, 10 గ్రాముల తూకపు రాయి పోయిందని త్రాసును తిట్టుకుంటూ వచ్చాం. చెడగొట్టింది మాత్రం కొలజాడీ.

పది రాళ్లు, ఇరవై రూపాయలు

మొదటి మందు చవకైనది: ఎక్కువ వేయడం. పది కంకర రాళ్లను కలిపి తూచాం, 118.6 గ్రాములు. జాడీలో 40 దాకా నీరు పోసి, జాడీని వాల్చి, ఒక్కొక్కటీ గోడ వెంట జారవిడిస్తే మట్టం 84కు వచ్చింది. 44 మి.లీ. అంటే 2.70. ఇప్పుడు ఒక గీత అటూ ఇటూ అయినా 2.64, 2.76. అదే జాడీ, అవే కళ్లు.

నాణేలతో ఇంకా బాగా తెలుస్తుంది. 2011లో వచ్చిన రూపాయి నాణెం స్టెయిన్‌లెస్ స్టీలుది, బరువు 3.79 గ్రాములు. ఒక్క నాణెం వేస్తే నీరు కదిలినట్టే కనిపించదు, అర మి.లీ. కూడా ఉండదు. ఇరవై వేస్తే దాదాపు ఒక పది గీతలు ఎక్కింది. 75.7 గ్రాములకు 10 మి.లీ. వేసుకుంటే 7.6 వచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త: నాణేలు ఒకదాని మీద ఒకటి పడుకుంటే మధ్యలో గాలి పొర చిక్కుకుంటుంది. జాడీని ఊపి, వంచి, విడదీయాలి. స్టీలుకు ఆ 7.6 కాస్త తక్కువే. నా ఉద్దేశంలో ఆ తక్కువకు బుడగలూ కారణమే.

అన్నట్టు, ఆ నాణేలు తర్వాత ఇంకో పనికి వచ్చాయి. ఐదువందల లోపు పెట్టి ఒక చిన్న డిజిటల్ త్రాసు నేనే కొన్నాను, 500 గ్రాముల దాకా తూగేది, 0.01 గ్రాము చూపించేది. అది నిజం చెబుతోందో లేదో ఎట్లా తెలుస్తుంది? పది రూపాయి నాణేలు పెట్టాం. 37.9 రావాలి, 37.86 వచ్చింది. అరిగిన నాణేలు కాబట్టి చాలనుకున్నాం.

వేలు ముంచితే బరువు పెరిగింది

ఈ కేసులో నాకు బాగా నచ్చిన పీరియడ్ మూడోది. త్రాసు మీద ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు పెట్టి, సున్నా బటన్ నొక్కాను. ఒక అమ్మాయిని పిలిచి, గ్లాసుకు ఎక్కడా తగలకుండా చూపుడు వేలు నీటిలో ముంచమన్నాను. అంకె 8 గ్రాముల దగ్గర ఆగింది. వేలు తీసింది, మళ్లీ సున్నాకు దగ్గరగా వచ్చింది. వేలికి అంటిన తడి మేరకు కాస్త తక్కువ.

"నువ్వు గ్లాసును నొక్కినవ్" అన్నాడు ఒకడు. మళ్లీ ముంచింది. మళ్లీ అంతే. తర్వాత గదిలో ఉన్న వేళ్లన్నీ వరసగా మునిగాయి. లావు వేలుకు ఎక్కువ, సన్న వేలుకు తక్కువ.

నీరు వేలిని పైకి తోస్తుంది. వేలు నీటిని అంతే బలంతో కిందికి తోస్తుంది. ఆ కిందికి తోసిన బలమే త్రాసుకు తెలుస్తుంది. పైకి తోసే బలం, వేలు తొలగించిన నీటి బరువుకు సమానం. నీరు ఒక ఘ.సెం.మీ. ఒక గ్రాము. కాబట్టి త్రాసు చూపించే 8 గ్రాములంటే మునిగిన వేలు ఘనపరిమాణం 8 ఘ.సెం.మీ. కొలజాడీ గీతతో పని లేకుండా, ఘనపరిమాణాన్ని త్రాసుతోనే తూచామన్నమాట. ఆర్కిమెడిస్ సూత్రం బట్టీ పట్టి అప్పజెప్పిన పిల్లలే, రాయి దారానికి వేలాడుతుంటే కింద గ్లాసు బరువు ఎందుకు పెరగాలని వాదించారు. ఆ వాదన కనీసం ఇరవై నిమిషాలు సాగింది. ఆపడం నాకు ఇష్టం లేకపోయింది.

పద్ధతి ఇది. ముందు రాయిని పొడిగా తూచాలి. త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయాలి. రాయిని సన్నటి దారంతో స్టాండుకు కట్టి, పూర్తిగా మునిగేలా దించాలి. అడుగుకు తగలకూడదు, పక్కలకు తగలకూడదు. తగిలితే అంకె ఒక్కసారిగా ఎగురుతుంది, పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది కాబట్టి అది మంచి తప్పే. చేత్తో పట్టుకుంటే వణుకుకు అంకె నిలవదు, స్టాండు ఉండాల్సిందే. బుడగలుంటే పాత టూత్‌బ్రష్‌తో నీటిలోనే రుద్దాలి.

మొన్న 2.68 ఇచ్చిన అదే రాయి: 13.42 గ్రాములు, త్రాసు చూపింది 5.02. అంటే 2.67. మిగతా రాళ్లన్నీ 2.64కూ 2.69కూ మధ్య పడ్డాయి. మొదటి రోజు 2.03 తెచ్చిన రాయి కూడా. నట్టు తీసేసిన ఇనుప బోల్టు 41.3 గ్రాములు, 5.29, అంటే 7.81. చెక్కముక్క తేలుతుంది కదా అంటే, గుండుసూదితో నీటి కిందికి నొక్కి పట్టుకున్నారు: బరువు 12.6, త్రాసు చూపింది 18.9, సాంద్రత 0.67. ఇటుక ముక్క మాత్రం మొండికేసింది. మునిగిన దగ్గర్నుంచి బుసబుసమని బుడగలు, అంకె దిగుతూనే ఉంది. నీరు తాగే వస్తువుకు ఈ లెక్క నిలవదు. సుద్దముక్కదీ అదే తంతు. వాటి మీద ఎక్కువసేపు ఉండలేదు.

క్యాలిక్యులేటర్ గురించి ఒక మాట. 13.42ను 5.02తో భాగించి 2.6733068 అని రాసిన గ్రూపు ఉంది. చివరి ఐదు అంకెలూ రాయివి కావు, క్యాలిక్యులేటర్‌వి. ఇది చెప్పినంత తేలిగ్గా ఎక్కదు.

పోత ఇనుము

నాలుగో రోజు ఒక అబ్బాయి వాళ్ల వీధి కిరాణా కొట్టు నుంచి 200 గ్రాముల తూకపు రాయి అడిగి తెచ్చాడు. నల్ల రంగు వేసిన ఇనుప రాయి. బోల్టుకు 7.8 వచ్చింది కాబట్టి దీనికీ అంతే రావాలని అందరూ ముందే అనేసుకున్నారు. నేనూ అనుకున్నాను.

త్రాసు మీద 199.42 గ్రాములు. నీటిలో వేలాడదీస్తే 27.96. భాగిస్తే 7.13.

మళ్లీ చేశారు. 28.05. బుడగలు తుడిచి మళ్లీ చేశారు. 27.91. మూడుసార్లూ 7.1 చుట్టే. గ్రూపు లీడరు నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది: "మేడం, 7.8 అని రాసుకోవాలా?" మొదటి రోజైతే అడగకుండానే రాసుకునేది.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకూ కారణం తట్టలేదు. "వచ్చిందే రాయండి, రేపు చూద్దాం" అన్నాను. సాయంత్రం ఇంటికి వెళ్లాక వెలిగింది. తూకపు రాళ్లు పోత ఇనుముతో చేస్తారు. అందులో రెండు నుంచి నాలుగు శాతం దాకా కర్బనం ఉంటుంది, చాలా భాగం గ్రాఫైట్ రూపంలో. గ్రాఫైట్ సాంద్రత 2.2 చుట్టుపక్కల. అందుకే పోత ఇనుము సాంద్రత 7.1 ప్రాంతంలో ఉంటుంది, బోల్టుకు వాడే ఉక్కుది 7.8. పైగా రాయికి అడుగున చిన్న గుంట పెట్టి, తూకం సరిచేసి, సీసం పోసి, దాని మీద ముద్ర కొడతారు. సీసం 11.3. ఆ సీసం లెక్కను కొంచెం పెంచుతుంది, లోపల ఖాళీ ఉంటే తగ్గిస్తుంది, పైన రంగు కూడా తగ్గిస్తుంది. కాబట్టి 7.13లో ఆ 3 దేనిదని మేము చెప్పలేం. 7.1 మాత్రం మాదే. పాఠ్యపుస్తకం పట్టికలో 'ఇనుము' అని ఉన్న గడి, కిరాణా కొట్టు ఇనుముకు వర్తించలేదు.

పాలు

ద్రవాలను చాలామంది తేలిక అనుకుంటారు. నూనె వరకు తేలికే. వేరుశనగ నూనె 50 మి.లీ. కొలిచి, తూచిపెట్టుకున్న బీకరులో పోసి తూచిన గ్రూపుకు 0.88 వచ్చింది. జాడీ గోడకు అంటిన నూనె బీకరులోకి రాలేదు, అంతే. ఖాళీ జాడీనే తూచి, దాంట్లోనే నూనె పోసి మళ్లీ తూస్తే 45.6 గ్రాములు, అంటే 0.91.

పాలు వేరే సంగతి. ఒక అమ్మాయి వాళ్లింట్లో రెండు బర్రెలు. వాళ్లమ్మ పాలకేంద్రంలో పోస్తుంది. పాలలో తేలించి సాంద్రత చూసే లాక్టోమీటరు తక్కువ చూపిందని ఒకరోజు ఏదో మాట అన్నారట. "మన ల్యాబ్‌లో చూద్దామా మేడం" అని సీసాలో పాలు తెచ్చింది. ఆమె అడిగింది సాంద్రత కాదు, వాళ్లమ్మ మాట.

కొలజాడీతో ఇది తేలదు. ఎందుకో ముందే లెక్క వేయించాను. మంచి పాల సాంద్రత 1.03 దాకా. పదో వంతు నీళ్లు కలిపితే 1.027. 50 మి.లీ. మీద ఈ తేడా 0.15 గ్రాములు. జాడీలో అర గీత పొరపాటు అంటేనే అర గ్రాము. చూడాల్సిన తేడా కంటే తప్పు మూడింతలు.

బీరువాలో సాంద్రత సీసాలు రెండున్నాయి, 25 మి.లీ.వి. బిరడాకు మధ్యలో సన్నటి రంధ్రం ఉంటుంది. నిండా పోసి బిరడా పెడితే ఎక్కువైనది ఆ రంధ్రంలోంచి పొర్లిపోయి, ప్రతిసారీ ఒకే ఘనపరిమాణం మిగులుతుంది. అంటే కంటితో గీత చదివే పనే లేదు. మొదటిసారి నీటితో మూడుసార్లు నింపితే మూడు బరువులు వచ్చాయి. చూస్తే ఒక సీసా బిరడా ఇంకోదానికి ఉంది! సీసా మీద, బిరడా మీద ఒకే నంబరు చెక్కి ఉంటుంది. ఏ ఏడాది మారాయో, ఎన్ని రికార్డులు ఆ జోడీతోనే రాశారో. ఇంకో తప్పు చేతిది. సీసాను గుప్పిట్లో పట్టుకుంటే వేడికి ద్రవం ఉబ్బి రంధ్రంలోంచి చెమటలా పైకి వస్తుంది. దాన్ని తుడిస్తే అంత పోయినట్టే. మెడ దగ్గర గుడ్డతో పట్టుకోవాలి.

సరిచేశాక: ఖాళీ సీసా 21.46, నీటితో 46.35, పాలతో 47.08. నీరు 24.89, పాలు 25.62. నిష్పత్తి 1.029. ఇది సాపేక్ష సాంద్రత, అంటే అంతే ఘనపరిమాణం నీటికి పాలు ఎన్ని రెట్లు బరువో చెప్పేది. 30 డిగ్రీల దగ్గర నీరు 0.9957 కాబట్టి అసలు సాంద్రత 1.025 దగ్గర. రాళ్లకు ఈ సవరణ వదిలేసినా పర్లేదు, పాలకు వదిలేయకూడదు. ఎందుకంటే మేము వెతికే తేడానే అంత. తర్వాత అవే పాలలో తొమ్మిది వంతులకు ఒక వంతు నీళ్లు కలిపి నింపాం: 47.01. 0.07 గ్రాముల తేడా. త్రాసు చివరి అంకె ఒకటి రెండు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, దొరికిందని చెప్పొచ్చు, గట్టిగా మాత్రం కాదు.

అమ్మాయికి రెండు విషయాలు చెప్పాను. అప్పుడే పిండిన పాలలో గాలి, నురగ ఉంటాయి. కొన్ని గంటలు ఆగితే సాంద్రత కాస్త పెరుగుతుంది. పిండిన వెంటనే లాక్టోమీటరు పెడితే తక్కువ చూపడం వింత కాదు. రెండోది, ఒక్క సాంద్రతతో పాలు మంచివో కల్తీవో తేలదు. వెన్న తేలిక కాబట్టి అది తీసేస్తే పాలు బరువెక్కుతాయి. తీసేసి నీళ్లు కలిపితే మళ్లీ 1.03 తెప్పించవచ్చు. అందుకే కేంద్రాల్లో వెన్న శాతం కూడా చూస్తారు. "అయితే మా అమ్మ?" అంది. మీరు తెచ్చిన ఈ పాలకు సాపేక్ష సాంద్రత 1.029 వచ్చింది, మామూలు పాలకు ఉండేదే, అని కాగితం మీద రాసిచ్చాను. సంతకం కూడా పెట్టమంది.

ఏం మార్చాను

ఇప్పుడు ఈ ప్రయోగానికి చివరి విలువకు మార్కులు లేవు. రఫ్ కాగితం రికార్డుకు పిన్ను చేసి ఇవ్వాలి, కొట్టివేతలతో సహా. ఒక గీత అటూ ఇటూ అయితే జవాబు ఎంత మారుతుందో రెండో లెక్క వేసి చూపించాలి. పది మార్కుల్లో నాలుగు దానికే. కంకర ప్రయోగాన్ని పది రాళ్లతోనే మొదలుపెడుతున్నాను. ఖర్చు ఒక త్రాసు, ఒక కట్ట ప్లాస్టిక్ గ్లాసులు. పోయింది ఐదు పీరియడ్లు, విద్యుత్తు పాఠంలో పరుగెత్తి సర్దుకోవాల్సి వచ్చింది. అందరికీ అంత టైం దొరకదని తెలుసు.

ఒకమ్మాయి చెవి కమ్మ తీసి బంగారం చూద్దామంది. 2.1 గ్రాముల కమ్మకు త్రాసు 0.12 చూపింది. 17.5. కానీ 0.11 అయితే 19, 0.13 అయితే 16. లెక్క నేను వేయించలేదు, తనే వేసుకుని "చిన్నగున్నది మేడం, దీనికి చెప్పలేం" అని మళ్లీ చెవికి పెట్టుకుంది.

తూకపు రాయిని తిరిగివ్వడానికి ఆ అబ్బాయితో పాటు నేనూ కొట్టుకు వెళ్లాను. నాలుగు రోజులు బళ్లో పెట్టుకున్నాం, ఒక మాట చెప్పాలి కదా. కొట్టాయన రాయిని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది మేడం, మా రాయిల ఏమన్న తేడా ఉన్నదా?" అన్నాడు. అబ్బాయి నోరు తెరిచాడు, 199.42 వాడికి నోటికొచ్చు. వాడి భుజం మీద చెయ్యి వేశాను. "మీ రాయికి ముద్ర ఉందన్నా, మా త్రాసుకే లేదు" అన్నాను. ఆయన నవ్వి రాయిని కాంటా పక్కన పెట్టుకున్నాడు. దారిలో అబ్బాయి అడిగాడు: "నాణేలతోని చూసినం కదా మేడం, మన త్రాసు మంచిదే కదా?"